పాత బొమ్మ ఎవరిది? ఉత్తర తెలంగాణ ఛాయాచిత్రాల మూలాలు, హక్కులు

మన దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో, జిల్లా చరిత్ర పుస్తకాల్లో, ఉత్సవాల ప్రత్యేక సంచికల్లో పాత ఫొటో కింద తరచూ ఒక మాట కనిపిస్తుంది: ‘ఇంటర్నెట్ సౌజన్యం’. ఆ మాట వల్ల పాఠకుడికి తెలిసేదేమీ లేదు. ఫొటో తీసిందెవరు, ఏ ఊళ్లో తీశారు, ఏ ఏడాది, మొదట ఎక్కడ అచ్చయింది, అసలు ప్రతి ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఈ ఐదింటిలో ఒక్క ప్రశ్నకూ అక్కడ జవాబు దొరకదు. ఎలగందల కోట, కేస్లాపూర్ నాగోబా జాతర, మార్లవాయి గూడెం, నిర్మల్ బొమ్మల పనివాళ్లు... ఉత్తర తెలంగాణ గతాన్ని చూపే పాత బొమ్మలు అసలే తక్కువ. ఆ తక్కువ కూడా ఊరూ పేరూ పోగొట్టుకుని ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్నాయి.

పాతదైతే అందరిదీ అని కొందరి నమ్మకం. నెట్‌లో దొరికింది కాబట్టి వాడుకోవచ్చని ఇంకొందరి ధీమా. వీళ్లకు పూర్తి భిన్నంగా, బొమ్మ మూలన ఏదో సంస్థ ముద్ర కనిపించగానే భయపడి పక్కన పెట్టేసే సంపాదకులూ ఉన్నారు. ముగ్గురూ ఎగ్గొడుతున్నది ఒకే పని. మూలం తేలకుండా హక్కు లెక్క వేయలేం. ముందు మూలం, ఆ తర్వాతే చట్టం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాత బొమ్మల విషయంలో ఈ రెండు పనులూ ఎలా చేయాలో, చిక్కులు ఎక్కడున్నాయో ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను.

వెతుకులాటలో మొదటి చిక్కు ఊళ్ల పేర్లతోనే వస్తుంది. 1905కు ముందు కరీంనగర్ పేరుతో జిల్లా లేదు, ఎలగందల జిల్లా ఉండేది. ఆదిలాబాద్ ప్రాంతం సిర్పూర్–తాండూర్ ఉపజిల్లా. ఈ తాండూర్ వికారాబాద్ దగ్గరి తాండూర్ కాదు, ఇప్పటి మంచిర్యాల జిల్లాలోది. ఈ తేడా తెలియకపోతే బొమ్మ మూడు వందల కిలోమీటర్ల అవతలికి పోతుంది. ఆదిలాబాద్ పట్నాన్ని పాత దస్త్రాలు ‘ఎద్లాబాద్’ అని రాశాయి. జిల్లా కేంద్రం కొంతకాలం ఆసిఫాబాద్‌లో ఉండి 1941లో ఆదిలాబాద్‌కు వచ్చింది. ఆ మీదట 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ కూడా జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్లగా విడిపోయింది, కొన్ని మండలాలు ఇంకెటో పోయాయి. అందుకని లండన్ బ్రిటిష్ లైబ్రరీ జాబితాలో ‘కరీంనగర్’ అని కొట్టి, ఏమీ రాలేదని వదిలేయకూడదు. ‘ఎల్గందల్’ అని, ‘వరంగల్ సూబా’ అని, ‘నిజాం రాజ్యం’ అని కూడా వెతకాలి. ఇంగ్లీషు స్పెల్లింగులు రెండు మూడు రకాలుగా మార్చి చూడాలి.

రెండో చిక్కు సంవత్సరాలది. నిజాం ప్రభుత్వం ఫసలీ లెక్క వాడింది. ఆ లెక్కకు 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. పురావస్తు శాఖ నివేదిక మీద 1333 ఫసలీ అని ఉంటే అది 1923–24. ఆ సంఖ్యను హిజ్రీ అనుకుని లెక్కకట్టిన వాళ్లకు అదే బొమ్మ ఎనిమిది తొమ్మిదేళ్లు వెనక్కి పోయి 1915 అవుతుంది. పైగా నివేదిక అట్ట మీది ఏడాది పని జరిగిన ఏడాదే కానీ అచ్చయిన ఏడాది కాదు. అచ్చు ఆ తర్వాత, ఒక్కోసారి రెండు మూడేళ్లకు జరిగేది. కాపీరైట్ లెక్కకు కావలసింది అచ్చయిన ఏడాది కనుక లోపలి టైటిల్ పేజీ తప్పక చూడాలి.

బొమ్మ పుస్తకంలోంచి వచ్చిందా, అసలు నెగటివ్‌నుంచా అన్నది కంటితోనే చాలావరకు తేల్చవచ్చు. స్కాన్‌ను బాగా పెద్దది చేసి చూడండి. వరుసల్లో చిన్న చిన్న అచ్చు చుక్కలు కనిపిస్తే అది పుస్తకంలోనో పత్రికలోనో అచ్చయిన బొమ్మకు నకలు. అంటే ఎక్కడో ప్రచురణ ఉంది, దాన్ని పట్టుకోవాలి. చుక్కలు లేకుండా నునుపుగా ఉంటే కాగితం ప్రింటు నుంచో, గాజు పలక నుంచో తీసింది. అప్పుడు ఏదో ఒక సంస్థ భాండాగారంలో దాని కార్డు ఉండొచ్చు. గూగుల్ లెన్స్, టిన్‌ఐ లాంటి బొమ్మల వెతుకులాట సాధనాలు అదే బొమ్మ ఇంకెక్కడెక్కడ ఉందో చూపుతాయి. వచ్చిన ఫలితాల్లో పెద్ద సైజుది, అంచులు కత్తిరించనిది పట్టుకోవాలి. పుస్తకాల్లో ప్లేటు సంఖ్య, శీర్షిక కింది అంచున ఉంటాయి, నెట్‌లో తిరిగే ప్రతుల్లో ముందు పోయేవి అవే. ఈ మధ్య యంత్రంతో రంగులద్దిన ప్రతులు కూడా వస్తున్నాయి. వాటిలో చీర రంగు, తలపాగా రంగు యంత్రం ఊహించినవి. చరిత్ర పుస్తకంలో అవి వేయకపోవడం మంచిది.

నిజాం రాజ్యపు పాత బొమ్మలకు పుట్టిళ్లు లాంటి పుస్తకాలు కొన్ని ఉన్నాయి. ఎ. క్లాడ్ క్యాంప్‌బెల్ 1898లో వెలువరించిన ‘గ్లింప్సెస్ ఆఫ్ ది నిజామ్స్ డొమినియన్స్’ నిండా ఫొటోలే. హెన్రీ కజిన్స్ 1900లో అచ్చు వేసిన నిజాం రాజ్య పురాతన కట్టడాల జాబితా బొమ్మల పుస్తకం కాకపోయినా, ఏ గుడి ఏ తాలూకాలో ఉందో ఆనాటి పేర్లతో చెబుతుంది. బొమ్మలోని కట్టడాన్ని గుర్తించడానికి అది అక్కరకొస్తుంది. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో తెచ్చిన నిజాం రాజ్యపు కులాలు, తెగల పుస్తకంలో మనుషుల ఫొటోలున్నాయి. 1914లో మొదలైన నిజాం పురావస్తు శాఖ, గులాం యజ్దానీ నాయకత్వంలో ఏటా నివేదికలు వేసి, వెనక ప్లేట్లు జతచేసింది. కె. కృష్ణస్వామి ముదిరాజ్ ‘పిక్టోరియల్ హైదరాబాద్’ రెండు సంపుటాలు 1929, 1934లో వచ్చాయి. మన ప్రాంతపు బొమ్మ ఒకటి చేతికొచ్చి మూలం తెలియకపోతే, నేనైతే ఈ పుస్తకాల పేజీలు తిప్పడంతోనే మొదలుపెట్టమంటాను. చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి.

రాజా దీన్‌దయాళ్ పేరు దగ్గర ఒక జాగ్రత్త. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరుపడ్డ ఆయన 1905లో కన్నుమూశారు. ఆయన సొంతంగా తీసిన ఏ బొమ్మ మీదా ఇప్పుడు కాపీరైట్ లేదు. కానీ ఆయన పేరుతోనే కొడుకులు స్టూడియో నడిపారు. ఫొటో అట్ట మీద దీన్‌దయాళ్ ముద్ర ఉన్నంతమాత్రాన ఆ ఫొటో 1905కు ముందుదని అనుకోకూడదు. ముద్ర స్టూడియోది, కెమెరా వెనక నిలబడ్డ మనిషిది కాదు. ఆ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొన్నది. తేదీ తేల్చడానికి ఆ భాండాగారపు జాబితాను మించిన ఆధారం లేదు.

ఇక చట్టం. బ్రిటిష్ ఇండియాలో 1914 చట్టం నడిచింది. అది 1911 నాటి ఇంగ్లండ్ చట్టాన్నే కొద్ది మార్పులతో ఇక్కడికి తెచ్చింది. దాని ప్రకారం ఫొటో మీద హక్కు నెగటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్లు. హైదరాబాద్ సంస్థానం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కాబట్టి ఆ చట్టం ఇక్కడ నేరుగా వర్తించలేదు. విలీనం తర్వాత, 1951లో పార్ట్–బి రాష్ట్రాల చట్టంతో అనేక కేంద్ర చట్టాలు ఇక్కడికి విస్తరించాయి. స్వతంత్ర భారత కాపీరైట్ చట్టం 1957లో వచ్చి 1958 జనవరి 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఫొటోలకు అది మొదటి ప్రచురణ నుంచి 50 ఏళ్లు ఇచ్చింది. రవీంద్రనాథ్ టాగూర్ రచనల హక్కు 1991 చివరికి తీరిపోతుందనగా పార్లమెంటు ఆ గడువును 60 చేసింది. 2012 సవరణ ఫొటోల ప్రత్యేక సెక్షన్‌నే తీసేసింది. 2012 జూన్ 21 నుంచి ఫొటోకూ చిత్రపటానికీ తేడా లేదు. తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అయితే అప్పటికే తీరిపోయిన హక్కు మళ్లీ పుట్టదు.

ఈ నాలుగు దశల్నీ కలిపి చూస్తే మన పనికి పనికొచ్చే హద్దు ఒకటి తేలుతుంది. 1951లో గాని అంతకు ముందు గాని అచ్చయిన ఫొటో మీద మనదేశంలో ఏ లెక్కన చూసినా హక్కు మిగల్లేదు. 1958కి ముందు తీసి, 1952కి ముందు అచ్చు కాని ఫొటోల దగ్గర రెండు వాదాలున్నాయి. పాత చట్టం కింద పుట్టిన హక్కు పాత గడువే నడుస్తుందని 1957 చట్టం 79వ సెక్షన్ చెబుతోంది కాబట్టి నెగటివ్ నాటి నుంచి 50 ఏళ్లతో అయిపోయిందని ఒక వాదం. ప్రచురణ నుంచే లెక్కించాలని, 2012 నాటికి గడువు మిగిలున్నవి తీసినవాళ్ల ఆయుష్షుతో ముడిపడ్డాయని రెండో వాదం. నాకు మొదటి వాదమే బలంగా కనిపిస్తుంది. అయినా అచ్చు వేసే ముందు అడగగలిగిన వాళ్లుంటే అడగడం మేలు. 1958 తర్వాతి ఫొటోలకు తీసిన మనిషి మరణించిన ఏడాది తెలియాలి. పేరే లేకుండా అచ్చయిన వాటికి, ప్రభుత్వం ప్రచురించిన వాటికి ప్రచురణ నుంచి 60 ఏళ్లు.

ఒకే పుస్తకంలో కూడా అన్నిటికీ ఒకే గడువు ఉండదు. ‘పిక్టోరియల్ హైదరాబాద్’లోని ఫొటోల హక్కు ఎప్పుడో తీరింది. రచన మీద హక్కు మాత్రం ముదిరాజ్ గారు 1967లో మరణించారు గనుక 2027 చివరిదాకా ఉంటుంది. బొమ్మ తీసుకోవచ్చు, దాని పక్కన ఉన్న పేజీ వచనాన్ని అట్లాగే ఎత్తి రాసుకోకూడదు.

ఉత్తర తెలంగాణ బొమ్మల హక్కుల ప్రశ్న అంతా ఒకే మనిషి పనిలో చూడాలంటే క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్–హైమెండార్ఫ్ దగ్గర ఆగాలి. వియన్నాలో 1909లో పుట్టిన ఈ మానవశాస్త్రవేత్త 1939లో యుద్ధం మొదలయ్యేసరికి మన దేశంలో ఉన్నారు. ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోవడంతో ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది, అంటే శత్రుదేశస్థుడు. ఆ పరిస్థితిలో నిజాం రాజ్యంలోనే ఉండిపోయి పరిశోధన చేసుకునే వీలు దొరికింది. చెంచులు, పాపికొండల రెడ్లు, ఆ తర్వాత 1941 నుంచి ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేశారు. గోండు నాయకుడు కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఆ ఏళ్లలో ఆయన తీసిన ఫొటోలు ఇవాళ రాజ్‌గోండుల జీవితానికి దొరికే అతి విలువైన దృశ్యసాక్ష్యం. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో మరణిస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమెండార్ఫ్ అస్థికలు 2012లో అదే ఊళ్లో ఆమె పక్కకు చేరాయి. ఆయన ఫొటోలు, డైరీలు లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ భాండాగారంలో ఉన్నాయి.

ఆ ఫొటోలను అచ్చయిన చోటును బట్టి విడదీసి చూద్దాం. 1945లో నిజాం ప్రభుత్వ రెవెన్యూ శాఖ ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో ఆయన నాలుగు నివేదికలు అచ్చు వేసింది. అది ప్రభుత్వ ప్రచురణ, దాని గడువు 2005తో ముగిసింది. ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ను 1948లో లండన్‌లో మాక్‌మిలన్ ప్రచురించింది. ఆ పుస్తకంలోని ఫొటోలకు నెగటివ్ లెక్కన చూసినా, ప్రచురణ లెక్కన చూసినా, మనదేశంలో 2008 చివరికి హక్కు తీరిపోయింది. కానీ ఇంగ్లండ్ చట్టం రచయిత మరణం తర్వాత 70 ఏళ్లు ఇస్తుంది కాబట్టి అక్కడ 2065 దాకా ఉంటుంది. అమెరికాలో, 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో హక్కు బతికున్న విదేశీ రచనలకు రక్షణ తిరిగి ఇచ్చారు. ఆ లెక్కన 1948 పుస్తకానికి ప్రచురణ నుంచి 95 ఏళ్లు, అంటే 2043 చివరిదాకా గడువుంది. కరీంనగర్‌లో అచ్చయ్యే పుస్తకంలో ఆ ఫొటో వేసుకోవచ్చు. అదే ఫొటోను అమెరికా సర్వర్ల మీద నడిచే వికీమీడియా కామన్స్‌లో ఎక్కించడం కుదరదు. తెలుగు వికీపీడియా కోసం పనిచేసేవాళ్లు ఎక్కించిన పాత ఫొటోలు కొన్నాళ్లకు మాయం కావడానికి ఇలాంటి తేడాలే కారణం. ఎవరి మీదా కోపం పెట్టుకోనక్కర్లేదు.

హైమెండార్ఫ్ భార్యతో కలిసి 1979లో తెచ్చిన ‘ది గోండ్స్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’, 1982 నాటి ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకాల్లో మొదటిసారి వెలుగు చూసిన ఫొటోలది ఇంకో కథ. 2012 సవరణ వచ్చేనాటికి వాటి గడువు తీరలేదు కనుక అవి ఆయన ఆయుష్షుతో ముడిపడ్డాయి. మనదేశంలోనూ 2055 చివరిదాకా అనుమతి కావాలి. ఎప్పుడూ అచ్చు కాని నెగటివ్‌ల దగ్గర పైన చెప్పిన రెండు వాదాలూ వస్తాయి, కాబట్టి సోయాస్‌ను అడగాలి. ఒకే మనిషి, ఒకే ఊరు, కొన్నిసార్లు ఒకే కుటుంబం. ఫొటో ఏ పుస్తకంలోంచి వచ్చిందో చెప్పకుండా ‘హైమెండార్ఫ్ ఫొటో’ అని రాస్తే హక్కు సంగతి ఏమీ తేలదు. ఆయన ఫొటోల గురించి నాకున్న పట్టుదల ఇదొక్కటే: ఫొటోతోపాటు పుస్తకం పేరు, పేజీ కూడా ప్రయాణం చేయాలి.

గోండుల బొమ్మల్లో ఇంకో పెద్ద గందరగోళం ప్రాంతాలది. రసెల్, హీరాలాల్ 1916లో నాలుగు సంపుటాలుగా తెచ్చిన మధ్య పరగణాల తెగలు, కులాల పుస్తకంలో గోండుల బొమ్మలున్నాయి. గ్రిగ్‌సన్ 1938లో బస్తర్ మరియా గోండుల మీద రాశారు. వెరియర్ ఎల్విన్ 1947లో ముడియాల ఘోటుల్ అనే యువజనశాల మీద రాశారు. ఎల్విన్ 1964లో మరణించారు, ఆయన ఫొటోలన్నీ 2025 జనవరి 1 నుంచి మనదేశంలో అందరివీ. ఈ పుస్తకాలన్నీ సులువుగా దొరుకుతాయి కనుక ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద వ్యాసానికి బస్తర్ మరియాల కొమ్ముల తలపాగా బొమ్మ వేసేయడం సులువైపోయింది. హక్కుల దృష్టితో అందులో తప్పేమీ లేదు. కానీ గుస్సాడీ నర్తకుల నెమలిపింఛం టోపీ ఎరిగిన ఉట్నూరు, జైనూరు పిల్లలకు అది అబద్ధం చెప్పడమే. హక్కు తీరిన బొమ్మను తప్పు చోట వాడితే కోర్టుకు లాగేవాళ్లు ఉండరు, అందుకే ఆ తప్పు ఏళ్లతరబడి దిద్దుబాటు లేకుండా సాగుతుంది.

కరీంనగర్ వైపు బొమ్మల్లో మనుషుల కంటే రాళ్లెక్కువ. గంగాధర మండలం కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 945 ప్రాంతంలో పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న ఆ శాసనంలోని కంద పద్యాలు తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు ముందుకు వచ్చిన సాక్ష్యాల్లో ఒకటి. శాసనం మీద కాపీరైట్ ప్రశ్నే లేదు. కానీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974లో ప్రచురించిన కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటి ప్రభుత్వ ప్రచురణ, దాని గడువు 2034 చివరికి తీరుతుంది. అందులోని పరిచయం, వ్యాఖ్య ఇంకా రక్షణలో ఉన్నాయి. మరి శాసనం నకలు బొమ్మ? రాతి మీద తడి కాగితం అద్ది, సిరా కొట్టి తీసే ముద్రలో తీసినవాడి పనితనం ఉంటుంది గానీ సృజన ఉండదు. తీర్పుల ప్రచురణకు సంబంధించిన కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు, శ్రమ ఒక్కటే చాలదని, కొంతైనా సృజన, వివేచన ఉంటేనే కాపీరైట్ పుడుతుందని చెప్పింది. ఆ సూత్రం ఇక్కడికి అన్వయిస్తే రాతి ముద్ర మీద కొత్త హక్కు పుట్టదని నా అభిప్రాయం.

స్కాన్లకూ ఇదే మాట. ఏదో ఒక సంస్థ 1920 నాటి పుస్తకాన్ని స్కాన్ చేసి మీద తన ముద్ర కొట్టినంతమాత్రాన ఆ బొమ్మ ఆ సంస్థది కాదు. 1999లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు బ్రిడ్జ్‌మన్ కేసులో, హక్కు తీరిన చిత్రపటానికి నమ్మకంగా తీసిన ఫొటో మీద కొత్త కాపీరైట్ లేదని తేల్చింది. 2019లో యూరోపియన్ యూనియన్ దాన్నే ఆదేశంగా పెట్టింది. అయినా ఫొటో ఏజెన్సీలు పబ్లిక్ డొమైన్ బొమ్మలకు రుసుము వసూలు చేస్తూనే ఉన్నాయి, వేరేచోట ఉచితంగా దొరికే బొమ్మను అమ్మడం నేరం కాదు కనుక. అమెరికా ఫొటోగ్రాఫర్ కెరోల్ హైస్మిత్ తాను ప్రజలకు ధారాదత్తం చేసిన ఫొటోలను ఏజెన్సీలు అమ్ముతున్నాయని 2016లో దావా వేస్తే, ఆమె కాపీరైట్ వాదాలు కోర్టులో నిలవలేదు. మనం చేయగలిగింది ఒకటే, డబ్బు కట్టేముందు అసలు పుస్తకం వెతకడం. సంస్థలు తమ వెబ్‌సైట్‌లో పెట్టే షరతులు వేరే సంగతి, అవి మనకూ వాళ్లకూ మధ్య ఒప్పందం. మంచి సైజు ప్రతి వాళ్ల దగ్గర తీసుకుంటే ఆ మాటకు కట్టుబడాలి, కనీసం వాళ్ల పేరైనా వేయాలి.

బొమ్మలు గీసినవాళ్ల విషయంలో మనవాళ్లు మరీ అన్యాయంగా ప్రవర్తిస్తున్నారు. పల్లె, బోనం, పెద్ద బొట్టు, గుండు పూసల దండ కనిపిస్తే జానపద చిత్రం అనుకుని క్యాలెండర్ల మీదికి, శుభలేఖల మీదికి ఎత్తేస్తారు. ఆ గీత వెనక పేరున్న మనుషులున్నారు. వేములవాడ దగ్గర బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం చిత్రాలన్నీ పూర్తి హక్కుతో ఉన్నవే. సిద్దిపేట కాపు రాజయ్య 2012లో కన్నుమూశారు, ఆయన బొమ్మలు 2072 చివరిదాకా వారసుల అనుమతితోనే వాడాలి. కొమురం భీం పేరుతో మనం పెట్టుకునే పటాలు, విగ్రహాలు కూడా ఎవరో ఒక చిత్రకారుడి, శిల్పి చేతి పనే. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని ఫొటో తీసుకునే స్వేచ్ఛ మన చట్టం 52వ సెక్షన్‌లో ఇచ్చింది. ఆ ఫొటోకు మాత్రం దాన్ని తీసినవాళ్లు సొంతదారులు.

పోరాటాల ఫొటోలు ఇంకా సున్నితం. 1940ల్లో కమ్యూనిస్టు పత్రికల కోసం తెలంగాణ దాకా కెమెరా పట్టుకు తిరిగిన సునీల్ జానా 2012 జూన్ 21న మరణించారు. ఫొటోల గడువు మార్చిన సవరణ అమల్లోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజే. ఆనాటి పత్రికల్లో అచ్చయిన ఆయన ఫొటోల మీద మనదేశంలో హక్కు తీరింది. ఆయన పోయాక, 2013లో వచ్చిన పెద్ద సంపుటిలో మొదటిసారి కనిపించిన వాటికి అనుమతి అడగకుండా ముందుకు పోవద్దు. ఇక 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి కాల్పుల నాటి పత్రికా ఫొటోలను పాతవనుకుంటున్నారు. వాటికి హక్కు ఇంకా చాలా కాలం ఉంది. జీతం మీద పనిచేసిన ఫొటోగ్రాఫర్ పత్రిక కోసం తీసిన దాన్ని పత్రికల్లో అచ్చు వేసే హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, పత్రిక యాజమాన్యానిది అవుతుంది. ఆనాడు సొంతంగా తీసినవాళ్లకైతే ఇవాళ కూడా పేరు, పారితోషికం ఇవ్వాలి. బతికున్నవాళ్లను వెతికి పట్టుకోవడం ఇప్పటికైతే సాధ్యమే.

ఇళ్లలోని ఆల్బంల సంగతి చాలామందికి తెలియదు. జగిత్యాల, మంచిర్యాల, సిరిసిల్ల స్టూడియోల్లో డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటో మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. చట్టం 17వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. స్వాతంత్ర్య సమరయోధుల, సాయుధ పోరాట యోధుల ఫొటోలు చాలావరకు ఇలా కుటుంబాల నుంచే బయటికి వచ్చాయి. హక్కుదారు ఎవరో తేలని బొమ్మలకు 31–ఎ సెక్షన్ కింద కోర్టు ద్వారా లైసెన్సు తీసుకునే దారి ఉంది. కానీ దరఖాస్తుకు ముందు దేశమంతా తిరిగే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. ఊరి చరిత్ర రాసుకునే రిటైర్డ్ టీచర్‌కు అది అయ్యే పని కాదు. ఈ సెక్షన్‌ను చిన్న ప్రచురణల కోసం సులువు చేయాలి.

హక్కు తీరిపోయాక కూడా తీరని బాకీ ఒకటి ఉంది. ఫొటోలో నిలబడ్డ మనిషికి కాపీరైట్ చట్టం ఏ హక్కూ ఇవ్వదు. పాత పుస్తకాల్లో ఫొటో తీసిన దొర పేరుంటుంది, తీయించుకున్న వ్యక్తి ‘గోండు స్త్రీ’, ‘కోలాం పురుషుడు’గా మిగిలిపోతారు. మార్లవాయిలో, చుట్టుపక్కల గూడేల్లో ఆ ముఖాల్ని గుర్తుపట్టగల మనవలు, మునిమనవలు ఇంకా ఉన్నారు. నార్నూర్ మండలం గుంజాలలో 2006లో వెలుగు చూసిన గోండి లిపి రాతప్రతుల విషయంలోనూ అంతే. ఆ పాత రాతల మీద కాపీరైట్ ఎవరికీ లేదు. కానీ వాటిని తరతరాలుగా దాచింది ఆ ఊరు. పేజీ ఫొటో వేసినప్పుడు ఊరి పేరు, దాచిన కుటుంబాల అంగీకారం ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. చట్టం అడగకపోయినా అడగవలసిన బాధ్యత మనది.

అందుకే కొన్ని విన్నపాలు. తెలంగాణ వారసత్వ శాఖ తన దగ్గరున్న నిజాం కాలపు నివేదికల ప్లేట్లను, గాజు నెగటివ్‌లను మంచి స్కాన్లుగా, ఫసలీ సంవత్సరంతో, పాత ఊరి పేరు, ఇప్పటి మండలం పేరుతో సహా అందరికీ అందుబాటులో పెట్టాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కూడా ఆ పనిలో కలవాలి. సోయాస్‌లో ఉన్న ఆదిలాబాద్ ఫొటోల ప్రతులు ఒక పూర్తి సెట్టు ఉట్నూరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు, మార్లవాయి బడికి తెప్పించి, పెద్దల్ని కూర్చోబెట్టి మనుషుల పేర్లు రాయించాలి. గుర్తుపట్టేవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు కనుక ఈ పని ముందు జరగాలి. పత్రికా సంపాదకులు ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అన్న మాటను అచ్చులో నిషేధించి, తీసినవారు, ఊరు, ఏడాది, పుస్తకం లేదా భాండాగారం పేరు ఒక్క వరుసలో వేయాలి. ఇది చదువుతున్న మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లను ఈ వారమే అడిగి, ఫొటోలో ఎవరున్నారో, ఎక్కడ తీశారో, ఏ స్టూడియోనో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాసిపెట్టండి. బాల్‌పెన్ను వాడకండి, దాని గీత ఫొటో ముందువైపుకు తేలుతుంది.